డబ్బున్నోళ్ళూ ఏడుస్తారు!

ఆ రోజు ఆఫీసు నుంచి వచ్చేసరికి ఇంట్లో ఎవరూ లేరు. గుమ్మం దగ్గర అమ్మ చెప్పులూ లేవు. కంగారుగా బయటికొస్తే పక్కింట్లోంచి ఏడుపు వినిపించింది. పరుగున వెళ్ళి చూస్తే, ఏడుస్తున్నది టీవీలో అమ్మాయి. ఎదురుగా సోఫాలో మా అమ్మ, పక్కింటి మెక్సికో పెద్దావిడ, ఇద్దరి మధ్యా పదమూడేళ్ళ మా అమ్మాయి.

"ఇప్పుడేమంటోందే?" అమ్మ అడుగుతోంది.

"తన బేబీని పార్కులో లాటరీ టికెట్లు అమ్మే ఆవిడకి ఇచ్చేసింది నానమ్మా. ఇప్పుడు వెతుకుతోంది, దొరకట్లేదు."

"అయ్యో, కన్నబిడ్డని ఎలా ఇచ్చిందే!"

నేను గుమ్మంలోనే నిలబడిపోయాను. మా అమ్మాయి తెలుగులో అంత పొడుగు మాట్లాడగా వినడం నాకు అదే మొదటిసారి.

నాన్న పోయాక అమ్మ తెనాలి నుంచి డాలస్‌లోని మా ఇంటికి ఆరు నెలలకని వచ్చింది. పొద్దున్నే మేమిద్దరం ఆఫీసుకి, పిల్ల బడికి. అమ్మ కిటికీ దగ్గర కూర్చునేది, కేలండర్‌లో రోజులు కొట్టేసుకునేది. మనవరాలు "తిన్నావా", "సరే" దాటి మాట్లాడేది కాదు. "దాంతో మాట్లాడదామంటే నాకు భాష లేదురా" అంది ఓసారి. ఆదివారం తెలుగు బడికి పంపడం రెండేళ్ళ కిందటే మానేసింది మేమే. హైస్కూల్లో క్రెడిట్లు కలిసొస్తాయని స్పానిష్ మాత్రం శ్రద్ధగా చదివించాం. ఆ స్పానిషే ఇప్పుడు నానమ్మకీ మనవరాలికీ మధ్య వంతెనైంది.

వాళ్ళు చూస్తున్నది 1979లో మెక్సికో చానెల్ టెలివీసాలో మొదలైన 'లాస్ రికోస్ తాంబియెన్ యోరాన్'. అంటే 'డబ్బున్నోళ్ళూ ఏడుస్తారు' అని. మరియానా అనే అనాథ పిల్ల ఓ సంపన్నుల ఇంటికి చేరడం, ఆ ఇంటి కొడుకుని పెళ్ళాడడం, అపార్థాల మధ్య బిడ్డని పోగొట్టుకోవడం కథ. మరియానాగా వేసిన నటి వెరోనికా కాస్త్రో. సీరియళ్ళంటే మొహం చిట్లించే నేను, అమ్మ కోసమని ఆమె గురించి చదవడం మొదలుపెట్టి ఆపలేకపోయాను.

1952లో మెక్సికో సిటీలో పుట్టింది. 1970లో ఓ పత్రిక పెట్టిన అందాల పోటీలో గెలిచి వెలుగులోకి వచ్చింది. యూనివర్సిటీలో అంతర్జాతీయ సంబంధాలు చదివింది. 1974లో కొడుకు పుడితే ఒంటరి తల్లిగా పెంచుకుంది. ఆ కొడుకే తర్వాత పేరున్న గాయకుడు క్రిస్టియన్ కాస్త్రో. తెర మీద మరియానా బిడ్డ కోసం ఏడ్చే నాటికి ఆమె ఇంట్లో చిన్న పిల్లాడున్నాడు.

మా టీమ్‌లో ఓ రష్యన్ ఉన్నాడు. భోజనాల దగ్గర ఈ పేరు చెప్పగానే అతని ముఖం వెలిగిపోయింది. సోవియట్ యూనియన్ కూలిపోతున్న రోజుల్లో, 1991-92లో, ఈ సీరియల్ అక్కడి టీవీలో వచ్చిందట. కొట్లలో సరుకుల్లేవు, జీతాలకి విలువ లేదు, కానీ సీరియల్ వేళకి వాళ్ళ బామ్మ ఇంట్లో ఇరుగుపొరుగంతా చేరేవారట. 1992లో ఆమె మాస్కో వెళితే జనం వెల్లువెత్తారు. నాకు మా వీధిలో 1987 నాటి ఆదివారాలు గుర్తొచ్చాయి. 'రామాయణం' మొదలయ్యేసరికి టీవీ ఉన్న ఇంటి ముందు చెప్పుల గుట్ట. హిందీ ముక్క రాని మా నాయనమ్మ అక్కడే కూర్చుని కళ్ళు తుడుచుకునేది.

కాస్త్రో ఏడిపించి ఊరుకోలేదు, కబుర్లతో నవ్వించింది కూడా. 1988లో 'మాలా నోచె... నో!' అనే లైవ్ షోకి యాంకర్‌గా వచ్చింది. రాత్రి మొదలైన కబుర్లూ పాటలూ ఒక్కోసారి తెల్లవారుజాము దాకా సాగేవి. మన బిగ్‌బాస్‌ని సినిమా హీరోలు నడిపినట్టే, అక్కడ బిగ్ బ్రదర్ వీఐపీని ఆమె నడిపింది. 2004లో ఆ షో కోసం ఏనుగెక్కి వస్తూ కింద పడింది. మెడకీ వెన్నుకీ దెబ్బలు. ఆ నొప్పి ఏళ్ళ తరబడి వదల్లేదు. అయినా సీరియళ్ళలోకి తిరిగొచ్చింది. 2018లో నెట్‌ఫ్లిక్స్ సిరీస్ 'లా కాసా దె లాస్ ఫ్లోరెస్'లో, పేరున్న పూల దుకాణం నడిపే కుటుంబానికి పెద్దదిక్కైన తల్లిగా చేసింది. బయటికి దర్జా, లోపల దాచుకున్న గుట్లు. ఒకప్పటి అనాథ పిల్ల ఈసారి ఏడ్చే డబ్బున్నావిడ వేషం కట్టింది! 2019లో నటనకి సెలవన్న మనిషి, 2022లో మళ్ళీ ఓ సినిమాలో కనిపించింది.

ఇదంతా ఓ రాత్రి అమ్మకి చెప్పాను. ఏనుగు దగ్గర "ఆ వయసులో ఆవిడకెందుకమ్మా" అంది. కొడుకు సంగతి విని కాసేపు మాట్లాడలేదు. "ఏడుపు అంత నిజంగా ఎలా ఏడ్చిందా అనుకున్నా" అంది చివరికి.

మెక్సికో సీరియల్‌లో ఓ సుగుణముంది. మన సీరియళ్ళలా ఏళ్ళ తరబడి సాగదు, దానికో ముగింపుంటుంది. కానీ అమ్మ ప్రయాణం తేదీ ముందే వచ్చేసింది. ఇంకొన్నాళ్ళు ఉండమన్నాను. "మీ నాన్న సంవత్సరీకం నా ఇంట్లోనే జరగాలిరా" అంది. ఇక బలవంతపెట్టలేదు. వెళ్ళేముందు పక్కింటావిడకి గోంగూర పచ్చడి సీసా ఇచ్చింది. ఆవిడ అమ్మని కావలించుకుని స్పానిష్‌లో ఏదో అంది. మా అమ్మాయి అనువాదం చేయబోతే, "అక్కర్లేదులేవే, తెలిసింది" అంది అమ్మ.

ఇప్పుడు శనివారం రాత్రిళ్ళు మా అమ్మాయే తెనాలికి ఫోన్ చేస్తుంది, అక్కడ ఆదివారం పొద్దున. ఆ వారం చూసిన ఎపిసోడ్లన్నీ చెబుతుంది. మొన్న ఫోన్ చేత్తో మూసి నన్నడిగింది: "డాడీ, క్షమించడం అంటే తెలుసు. క్షమించలేకపోవడాన్ని ఒక్క మాటలో ఏమంటారు?"

నాకు వెంటనే తట్టలేదు. "నానమ్మనే అడుగు" అన్నాను.