సముద్రం అడుగున వెలుగు బాట

అరేబియా సముద్రంలో, కేరళ తీరానికి 220 నుంచి 440 కిలోమీటర్ల దూరంలో లక్షద్వీప్ దీవులున్నాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం అక్కడి జనసంఖ్య 64,473. వారిలో నూటికి 96 మందికి పైగా ముస్లింలే. ఉన్నత విద్యకైనా, పెద్ద వైద్యానికైనా వారు సముద్రం దాటి రావలసిందే. వర్షాకాలంలో కడలి ఉగ్రరూపం దాల్చితే ఆ ప్రయాణం మరింత కష్టమవుతుంది.

మొన్నమొన్నటి వరకు ఆ దీవులను దేశంతో కలిపిన సమాచార సాధనం ఉపగ్రహమే. అది భూమికి దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. మన మాట అంత ఎత్తుకు పోయి దిగి, జవాబు మళ్ళీ అదే దారిన రావడానికి సుమారు అర సెకను పడుతుంది. పైగా దీవులన్నీ కలిసి పంచుకోవలసిన ఇంటర్నెట్ సామర్థ్యం సెకనుకు 1.7 గిగాబిట్లు మాత్రమే.

2024 జనవరి 3న ఈ పరిస్థితి మారింది. కొచ్చి నుంచి 11 దీవులకు సముద్రగర్భంలో 1,868 కిలోమీటర్ల మేర పరచిన ఆప్టికల్ ఫైబర్ కేబుల్ ఆ రోజు ప్రారంభమైంది. సామర్థ్యం 200 గిగాబిట్లకు పెరిగిందని ప్రభుత్వం ప్రకటించింది. వెంట్రుక అంత సన్నని గాజు పోగులో కాంతి సెకనుకు రెండు లక్షల కిలోమీటర్ల వేగంతో సాగుతుంది. అంటే, కవరత్తి నుంచి కొచ్చికి మాట చేరడానికి రెప్పపాటు కూడా పట్టదు.

ఈ వేగం ఎవరికి మేలు చేస్తుంది? రోగి ఓడ ఎక్కకముందే అతని ఎక్స్‌రే నగరంలోని నిపుణుడి ముందుంటుంది. ప్రయాణం నిజంగా అవసరమా కాదా అన్నది ఇంటి దగ్గరే తేలుతుంది. విద్యార్థిని పాఠాన్ని మధ్యలో ఆగకుండా వినగలదు. చదువుకై దూరమైన బిడ్డ ముఖాన్ని తల్లి స్పష్టంగా చూడగలదు. గల్ఫ్‌లో ఆప్తులున్న మన కుటుంబాలకు ఆ ఊరట విలువ వేరే చెప్పనక్కరలేదు.

అయితే ఒక్క తీగపైనే భారం మోపడం వివేకం కాదు. 2022 జనవరిలో అగ్నిపర్వతం పేలి కేబుల్ తెగినప్పుడు టోంగా దేశం ఐదు వారాలపాటు ఇబ్బందులు పడింది. కనుక ఉపగ్రహ సదుపాయాన్నీ నిలుపుకోవాలి. తీరం చేరిన తీగ ప్రతి పాఠశాలకూ, ఆసుపత్రికీ, పేద ఇంటికీ చేరాలి. తీగకు ఆ చివర పలికే వైద్యుడూ, ఉపాధ్యాయుడూ ఉండాలి. అప్పుడే ఆ వెలుగు అందరిదీ అవుతుందని మేము భావిస్తున్నాము.