ల్యాప్‌టాప్ నడక మారేదెందుకు?

రెంటచింతల ఎండ సంగతి పల్నాటి వాళ్లకు వేరే చెప్పాలా? ఉష్ణోగ్రత 45 దాటే ఆ రోజుల్లోనే పిల్లలు, "తాతయ్యా, ల్యాప్‌టాప్ నత్తనడక నడుస్తోంది, పాడైపోయిందా?" అని అడుగుతుంటారు. పాడవలేదర్రా. పాడవకుండా తన జాగ్రత్త తాను పడుతోంది.

ప్రాసెసర్‌లోని గడియారం సెకనుకు వంద కోట్ల సార్లు కొట్టుకుంటే ఒక గిగాహెర్ట్జ్ అంటాం. మీరు టైపు చేస్తున్నారనుకోండి. ఒక మీట నొక్కి ఇంకో మీట నొక్కేలోపు, చెయ్యి బాగా చురుకైనా, సుమారు సెకనులో పదో వంతు పడుతుంది. రెండు గిగాహెర్ట్జ్ ప్రాసెసర్ గడియారం ఆ కాస్త ఎడంలోనే 20 కోట్ల సార్లు కొట్టుకుంటుంది. ఒక్క అక్షరం చూపించడానికి అన్నెందుకు? చప్పున పని ముగించి కునుకు తీస్తుంది, తర్వాతి మీటకు లేస్తుంది. వీడియో ఎడిటింగ్ లాంటి బరువు పని పెడితే నాలుగు గిగాహెర్ట్జ్ దాటేవీ ఉన్నాయి.

పని తేలికైనప్పుడు ప్రాసెసర్ వేగం తగ్గితే కరెంటు మిగులుతుందని ఎవరైనా ఊహిస్తారు. అసలు ఆదా మాత్రం వోల్టేజీలో ఉంది. నాకు మహా ఇష్టమైన ముచ్చట ఇది. చిప్‌లోని స్విచ్ మారినప్పుడల్లా అందులోకి కాస్త విద్యుదావేశం ఎక్కాలి, దిగాలి. నిలువు ట్యాంకుకు నీళ్లు ఎక్కించడం చూశారుగా! మట్టం రెట్టింపు కావాలంటే నీళ్లూ రెట్టింపే, ఎక్కించాల్సిన ఎత్తూ రెట్టింపే. మోటారుకు శ్రమ నాలుగింతలు. వోల్టేజీ లెక్కా అంతే. సగానికి దించితే ఖర్చు నాలుగో వంతుకు పడిపోతుంది. అయితే వోల్టేజీ తక్కువైతే స్విచ్‌లు నిదానంగా మారతాయి. అందుకే ముందు వేగం తగ్గించి, ఆ వెనుకే వోల్టేజీ దించుతారు.

2000 జనవరిలో ఇంటెల్ 'స్పీడ్‌స్టెప్' పేరుతో ఈ పనే చేసింది. 650 మెగాహెర్ట్జ్ మొబైల్ పెంటియం 3, బ్యాటరీ మీదకు రాగానే 500కు దిగేది, వోల్టేజీ 1.6 నుంచి 1.35కు తగ్గేది. లెక్క కట్టి చూడండి. వేగంలో పోయింది 23 శాతం, స్విచ్‌ల ఖర్చులో మిగిలింది 45 శాతం! అప్పుడున్నవి రెండే మెట్లు. 2015లో ఇంటెల్ 'స్కైలేక్' చిప్‌లు వచ్చాక ఏ మెట్టు మీద ఉండాలో చాలావరకు చిప్పే, కొన్ని మిల్లీసెకన్లలో, తేల్చుకుంటోంది.

మళ్లీ ఎండ దగ్గరికొద్దాం. చాలా ఇంటెల్ చిప్‌లకు వేడి హద్దు 100 డిగ్రీలు. లోపలి ఫ్యాను విసిరేది గదిలో గాలినే కదా, ఆ గాలే 42 డిగ్రీలుంటే వేడిని మామూలంతగా ఎలా లాగుతుంది? హద్దు దగ్గరపడగానే ప్రాసెసర్ వేగం, వోల్టేజీ రెండూ దించేసుకుంటుంది.

కాబట్టి నరసరావుపేట హాస్టళ్లలో చదువుకునే పిల్లలూ, ల్యాప్‌టాప్‌ను పరుపు మీద పెట్టకండి. అడుగున గాలి పోయే కంతలు మూసుకుపోతాయి. బల్ల మీదో, చెక్క పలక మీదో పెట్టండి. పవర్ సెట్టింగును రోజంతా 'బెస్ట్ పర్ఫార్మెన్స్'లో ఉంచొద్దు. రోజువారీ చదువుకు 'బ్యాలెన్స్‌డ్' చాలు.