హద్దెరిగిన అతుకు

1970ల తొలినాళ్లలో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో డెన్నిస్ రిచీ రూపొందించిన సీ భాషలో స్ట్రింగ్ అంటే మెమరీలో వరుసగా నిలిచిన అక్షరాల బారు. దాని పొడవు ఎక్కడా నమోదై ఉండదు, సున్నా విలువగల బైటు ఎదురైన చోట అది ముగిసినట్లు లెక్క. ఒక స్ట్రింగ్ చివర మరొకదాన్ని అతికించే స్టర్‌క్యాట్ అనే ఫంక్షన్ ఆ సున్నాను వెతికి, అక్కడినుంచి కొత్త అక్షరాలను రాసుకుంటూ పోతుందే తప్ప, వాటిని ఇముడ్చుకోవలసిన బఫర్‌లో, అంటే అందుకోసం కేటాయించిన మెమరీ భాగంలో, చోటెంత మిగిలిందో దానికి తెలియదు. చోటు చాలకపోతే పక్కనున్న సమాచారం చెరిగిపోతుంది. 1988 నవంబరు 2న ఇంటర్నెట్‌లో పాకిన మోరిస్ వర్మ్ అనే హానికర ప్రోగ్రామ్ వాడుకున్న దారుల్లో ఒకటి ఇటువంటి లోపమే: అక్కడ తప్పు అతికించడంలో కాక చదవడంలో జరిగింది, 512 బైట్ల బఫర్‌లోకి హద్దు లేకుండా చదివే గెట్స్ అనే ఫంక్షన్‌దే ఆ దోషం.

హద్దు పెట్టాలన్న ఆలోచన అంతకుముందే లేకపోలేదు. 1979 నాటి యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ ఏడవ కూర్పులోనే ఉన్న స్టర్‌ఎన్‌క్యాట్ అనే ఫంక్షన్‌కు ఒక సంఖ్య ఇవ్వాలి. అయితే ఆ సంఖ్య బఫర్ పరిమాణాన్ని కాక కొత్తగా చేర్చదగిన అక్షరాల గరిష్ఠ సంఖ్యను సూచిస్తుంది, చివరి సున్నా దానికి అదనం. 10 బైట్ల బఫర్‌లో 6 అక్షరాలు ముందే ఉంటే ఇవ్వవలసినది 3. పదిని ఇచ్చినవారికి రక్షణ ఉన్నదన్న భ్రమ మాత్రమే మిగులుతుంది.

1998లో ఓపెన్‌బీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ కోసం టాడ్ మిల్లర్, థియో డి రాట్ తెచ్చిన స్టర్‌ఎల్‌క్యాట్ ఈ లెక్కను సరిదిద్దింది. దానికి మొత్తం బఫర్ పరిమాణమే ఇస్తే చాలు. పైగా అది చోటు చాలినా చాలకున్నా పూర్తి స్ట్రింగ్‌కు ఉండవలసిన పొడవును తిరిగి చెబుతుంది, ఆ పొడవు బఫర్ పరిమాణానికి సమానమైనా మించినా కొంత తెగిపోయిందని అర్థం. తెగిపోవడాన్ని ప్రోగ్రామర్ గమనించకపోతే మరో తప్పు పుడుతుందన్న అభ్యంతరంతో గ్నూ సీ లైబ్రరీ దీన్ని చాలాకాలం చేర్చుకోక, చివరకు 2023లో అంగీకరించింది.

ఆ అభ్యంతరం తెలుగుకు మరింత వర్తిస్తుంది. యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు లిపిలోని ప్రతి సంకేతానికి 3 బైట్లు కావాలి గనుక ‘తెలుగు’ అన్న మాటకు 18 బైట్లు పడతాయి; 16 బైట్ల ఖాళీ బఫర్‌లో అతికిస్తే, ఒక బైటు ముగింపు సున్నాకు పోగా, చివరి కొమ్ము తెగి ‘తెలుగ’ మిగులుతుంది, 15 బైట్లయితే ‘గ’ కూడా మధ్యలో విరిగి చదవడానికి వీలుకాని బైట్లుగా మారుతుంది. తెలుగు పాఠంతో పనిచేసే ప్రోగ్రామర్లు స్టర్‌ఎల్‌క్యాట్ తిరిగి చెప్పే పొడవును ప్రతిసారీ సరిచూసుకోవాలి.