ధర కట్టే గణితం: అమెరికాలో ఫైనాన్షియల్ ఇంజనీరింగ్ మాస్టర్స్ చదువు

ఆప్షన్లు, ఫ్యూచర్లు, బాండ్లు వంటి ఆర్థిక పత్రాలకు గణితం, గణాంకశాస్త్రం, ప్రోగ్రామింగ్‌ల సాయంతో ధర కట్టడం, వాటి వల్ల రాగల నష్టాన్ని ముందే కొలిచి అదుపులో ఉంచడం ఫైనాన్షియల్ ఇంజనీరింగ్ పని. అమెరికా విశ్వవిద్యాలయాలలో ఈ చదువుకు ఒక్కోచోట ఒక్కో పేరుంది. కార్నెగీ మెలన్‌లో దీన్ని కంప్యుటేషనల్ ఫైనాన్స్ అంటారు, న్యూయార్క్ యూనివర్సిటీలోని కూరాంట్ ఇన్‌స్టిట్యూట్‌లో మ్యాథమేటిక్స్ ఇన్ ఫైనాన్స్ అంటారు, బర్క్‌లీలోనూ న్యూయార్క్‌లోని బరూక్ కాలేజీలోనూ ఫైనాన్షియల్ ఇంజనీరింగ్ అనే పేరే వాడుకలో ఉంది. పేర్లు వేరైనా పాఠ్యాంశాలలో చాలా భాగం ఒకటే. ఎం.బి.ఎ.తో దీనికి పోలిక తక్కువ, ఎందుకంటే ఇక్కడ సంస్థను నడపడం గురించి చెప్పేది దాదాపు ఏమీ ఉండదు. షేర్ల ధరలను ముందుగా చెప్పే విద్య ఇదేనని అనుకోవడం కూడా పొరపాటే.

ఈ శాస్త్రానికి మూలం 1900లో పారిస్‌లో లూయీ బషెలియే సమర్పించిన సిద్ధాంత వ్యాసంలో ఉంది. ముందటి అడుగుతో సంబంధం లేకుండా క్షణక్షణానికీ ఏ వైపుకైనా జరిగే బ్రౌనియన్ చలనంగా ధరల కదలికను ఆయన లెక్కగట్టారు. ఐన్‌స్టయిన్ అదే చలనంపై తన పత్రాన్ని ప్రచురించింది ఆ తర్వాత ఐదేళ్ళకు. బషెలియే పని దశాబ్దాల పాటు మరుగున పడి ఉంది. 1973లో ఫిషర్ బ్లాక్, మైరన్ షోల్స్ ఒక పత్రంలోనూ, రాబర్ట్ మెర్టన్ వేరొక పత్రంలోనూ ఆప్షన్ల ధరకు సూత్రం ఇచ్చారు, ఆ ఏడాది ఏప్రిల్‌లోనే షికాగోలో ఆప్షన్లకంటూ ప్రత్యేకంగా ఒక ఎక్స్ఛేంజి తెరుచుకుంది. సూత్రం, సంత రెండూ ఒకే ఏడాది రావడంతో లెక్కలు వచ్చినవారికి వాల్ స్ట్రీట్‌లో గిరాకీ పెరిగింది. తొలి తరంలో ఈ పనికి ఎక్కువగా వచ్చినవారు భౌతికశాస్త్రంలో పీహెచ్‌డీలు చేసినవారు. వారిలో ఒకరైన ఇమాన్యుయెల్ డెర్మన్ 1985లో గోల్డ్‌మన్ శాక్స్‌లో చేరి, తరవాతి కాలంలో కొలంబియా విశ్వవిద్యాలయంలో ఈ కోర్సునే నడిపారు. పీహెచ్‌డీ వరకు ఆగనక్కరలేకుండా అదే పనికి మనుషులను తయారుచేయడానికి కార్నెగీ మెలన్ 1994లో మాస్టర్స్ కోర్సు మొదలుపెట్టింది, 2001లో బర్క్‌లీ, ఆ మరుసటి ఏడు బరూక్ కూడా ఆ దారి పట్టాయి.

ఈ చదువు స్వభావం తెలియాలంటే తొలి వారాలలోనే విద్యార్థికి ఎదురయ్యే ఒక చిన్న లెక్క చూస్తే చాలు. ఇవాళ 100 డాలర్లున్న షేరు ఏడాది తిరిగేసరికి 120కి పెరగడమో 90కి తగ్గడమో తప్ప మూడో దారి లేదనీ, అప్పు మీద వడ్డీ లేదనీ అనుకుంటే, ఏడాది చివర అలాంటి మూడు షేర్లను ఒక్కొక్కటి 100 డాలర్లకే కొనే హక్కును, అంటే కాల్ ఆప్షన్‌ను, ఇవాళ ఎంతకు అమ్మాలన్నది ప్రశ్న. షేరు పెరిగితే ఆ హక్కు విలువ 60 డాలర్లు, తగ్గితే సున్నా. హక్కు అమ్మినవారు 180 డాలర్లు అప్పు తెచ్చి, దానికి 20 డాలర్లు కలిపి, రెండు షేర్లు కొని ఉంచుకుంటే, ధర పెరిగినప్పుడు చేతికొచ్చే 240లో అప్పు పోను సరిగ్గా 60 మిగులుతుంది, తగ్గినప్పుడు వచ్చే 180 అప్పుకే చెల్లిపోతుంది. ఆప్షన్ ఇచ్చే ఫలితాన్నే 20 డాలర్లతో తయారుచేయగలిగినప్పుడు దాని ధర 20 డాలర్లే కావాలి. అంతకు ఎక్కువకు గాని తక్కువకు గాని అది చేతులు మారితే ఎవరో ఒకరికి పైసా రిస్కు లేని లాభం దక్కుతుంది, ఆ లాభానికే ఆర్బిట్రేజ్ అని పేరు. ఈ లెక్క మొత్తంలో షేరు పెరగడానికి సంభావ్యత ఎంత అన్న ప్రశ్న ఎక్కడా రాలేదు. షేరు తప్పక పెరుగుతుందని నమ్మేవారూ పడిపోతుందని భయపడేవారూ ఆప్షన్ ధర దగ్గర మాత్రం ఏకీభవించక తప్పదు. కాక్స్, రాస్, రూబిన్‌స్టయిన్ 1979లో ప్రచురించిన ఈ ద్విపద పద్ధతిలో అడుగుల సంఖ్యను పెంచుకుంటూ పోతే చివరికి వచ్చేది బ్లాక్–షోల్స్ సూత్రమే.

అడుగులు లెక్కలేనంత చిన్నవైనప్పుడు ఇంటర్‌లో నేర్చిన కలనగణితం చాలదు. అక్కడ అత్యల్పమైన మార్పు వర్గాన్ని సున్నాగా వదిలేస్తారు. బ్రౌనియన్ చలనంలో ఆ వర్గాలను కూడుకుంటూ పోతే మొత్తం గడిచిన కాలానికి సమానమై నిలుస్తుంది కనుక ఆ పదాన్ని వదలడానికి వీలుండదు. దీనికి కావలసిన కొత్త కలనగణితాన్ని జపాన్ గణితవేత్త కియోషి ఇటో 1940లలో నిర్మించారు, స్టోకాస్టిక్ కాల్‌క్యులస్ పేరుతో ఈ కోర్సులన్నిటికీ అదే వెన్నెముక. కార్నెగీ మెలన్ ఆచార్యుడు స్టీవెన్ ష్రీవ్ 2004లో తెచ్చిన రెండు సంపుటాల పాఠ్యగ్రంథం చాలాచోట్ల ఇప్పటికీ తరగతి గదిలో ఉంది. దీనికి తోడు అవకలన సమీకరణాలను కంప్యూటర్‌పై సాధించే పద్ధతులు, సీ ప్లస్ ప్లస్, పైథాన్ భాషలు, వడ్డీ రేట్ల నమూనాలు, ఇటీవలి కాలంలో మెషీన్ లెర్నింగ్ వస్తాయి. యాదృచ్ఛిక సంఖ్యలతో వేలకొద్దీ ధరల బాటలను సృష్టించి సగటు తీసే మాంటే కార్లో పద్ధతిలో ఫలితం పదింతలు కచ్చితంగా రావాలంటే నూరింతల బాటలు నడపాలి. ఆ ఖర్చు తగ్గించే ఉపాయాలకే కొన్ని వారాల పాఠాలు పోతాయి.

ధరల జోస్యం ఈ కోర్సులో ఎందుకు ఉండదో గణాంకశాస్త్ర పాఠంలో తేలుతుంది, అక్కడ తెలుగువారికి సొంతమైన ఒక పేరు కూడా వినిపిస్తుంది. విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్ళిన సి.ఆర్. రావు, పక్షపాతం లేని ఏ అంచనా పద్ధతికైనా కచ్చితత్వంలో దాటరాని హద్దు ఒకటి ఉందని 1945లో చూపించారు. క్రామెర్–రావు హద్దు అని పిలిచే ఆ ఫలితాన్ని షేర్లకు అన్వయిస్తే మనసు కాస్త చివుక్కుమంటుంది. ఏటా 20 శాతం మేర ఊగిసలాడే షేరు సగటు రాబడి మారకుండా స్థిరంగా ఉందనే అనుకున్నా, 25 ఏళ్ళ ధరలు చేతిలో ఉన్నా, ఆ సగటు అంచనాలో ప్రామాణిక దోషం 4 శాతం ఉంటుంది. అంటే 8 శాతం అని తేలిన రాబడి నిజానికి 4 కావచ్చు, 12 కావచ్చు, ఇంకా దూరమే కావచ్చు. ధరలను రోజుకొకసారి బదులు నిమిషానికొకసారి నమోదు చేసినా ఈ దోషం తగ్గదు, ఎందుకంటే అది గడిచిన ఏళ్ళ సంఖ్యమీదే ఆధారపడుతుంది. ఊగిసలాటను, అంటే వొలటిలిటీని, మాత్రం దగ్గర దగ్గరగా తీసుకున్న ధరలతో చక్కగా అంచనా వేయవచ్చు. ఆప్షన్ ధరకు కావలసింది వొలటిలిటీయే గాని రాబడి కాదు కాబట్టే ఈ శాస్త్రం నిలబడింది. ధరలను ఊహించడం ఎంత కష్టమో లెక్కలూ చెబుతాయి: భారతదేశంలో ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో చేయి పెట్టిన వ్యక్తిగత ట్రేడర్లలో 93 శాతం మంది 2022 నుంచి 2024 వరకు మూడు ఆర్థిక సంవత్సరాలలో నష్టపోయారని మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ లెక్క తేల్చింది. ఫోన్‌లో ఆప్షన్లు కొనే అలవాటున్న విద్యార్థి ఆ ఆసక్తినే అర్హతగా భావించి ఈ కోర్సుకు రావడం సరికాదు.

నమూనాలు ఎక్కడ విరుగుతాయో నేర్పడం ఈ చదువులో బహుశా అన్నిటికన్నా విలువైన భాగం. 1987 అక్టోబరు 19న డౌ జోన్స్ సూచీ ఒక్కరోజులో 22.6 శాతం పడింది. బ్లాక్–షోల్స్ అనుకునే సంభావ్యతా విభాజనంలో అలాంటి రోజుకు దాదాపు చోటే లేదు. మెర్టన్, షోల్స్ భాగస్వాములుగా ఉన్న లాంగ్‌టర్మ్ క్యాపిటల్ మేనేజ్‌మెంట్ సంస్థ, వారిద్దరికీ నోబెల్ వచ్చిన మరుసటి ఏడాది 1998లో కూలబోతే, న్యూయార్క్ ఫెడరల్ రిజర్వు బ్యాంకు చొరవతో 14 సంస్థలు దాదాపు 360 కోట్ల డాలర్లు పోసి దాన్ని ఆదుకోవలసి వచ్చింది. ఇంకా విచిత్రమైన ఉదాహరణ 2020 ఏప్రిల్ 20 నాటిది. కోవిడ్ వల్ల చమురు నిల్వకు చోటు కరువై, మే నెల ముడిచమురు ఫ్యూచర్ ధర బ్యారెల్‌కు మైనస్ 37.63 డాలర్ల దగ్గర ముగిసింది. ధర సున్నా కిందికి పోదన్న నమ్మకంమీద కట్టిన సూత్రాలు రుణ సంఖ్యకు లాగరిథం తీయలేక చేతులెత్తేశాయి. రెండు రోజుల్లోపే షికాగోలోని మరో ఎక్స్ఛేంజి తన చమురు ఆప్షన్లను ధర రుణాత్మకం కావడాన్ని అనుమతించే పద్ధతికి మార్చింది. అది 120 ఏళ్ళనాటి బషెలియే పద్ధతే.

ఉద్యోగాలలో పెద్ద భాగం పుట్టేది కూడా నమూనాలు ఇలా విరిగే చోట్ల నుంచే. 2008 సంక్షోభం తరవాత, 2011లో ఫెడరల్ రిజర్వు ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం బ్యాంకులు తమ నమూనాలను వాటిని తయారుచేసినవారితో కాక వేరేవారితో పరీక్షింపజేయాలి. ఆ విభాగానికి మోడల్ వాలిడేషన్ అని పేరు. పట్టా పుచ్చుకున్నవారిలో ఎందరో చేరేది అక్కడా, రిస్కు విభాగాలలోనూ. ప్రచారంలో ఉన్న భారీ జీతాలు ఎక్కువగా కొద్దిపాటి హెడ్జ్ ఫండ్లవీ, సొంత డబ్బుతో ట్రేడింగ్ చేసే సంస్థలవీ. వాటి ఇంటర్వ్యూలలో అడిగేవి చూడటానికి చిన్న ప్రశ్నలు. నాణేన్ని వరుసగా ఎగరేస్తుంటే బొమ్మ వెంట బొమ్మ పడటానికి సగటున ఎన్నిసార్లు ఎగరేయాలి, బొమ్మ వెంట బొరుసుకు ఎన్నిసార్లు? రెండూ సమానమేనని తొందరపడి చెప్పేవారే ఎక్కువ. మొదటిదానికి జవాబు 6, రెండోదానికి 4. బొమ్మ పడ్డాక బొరుసు కోసం చూసేవారు మళ్ళీ బొమ్మే పడినా ఉన్నచోటే ఉంటారు. బొమ్మ కోసం చూసేవారికి బొరుసు పడితే మొదటికొస్తుంది.

ప్రవేశం కోరేవారికి బహుచరరాశుల కలనగణితం, సరళ బీజగణితం, అవకలన సమీకరణాలు, సంభావ్యత బాగా వచ్చి ఉండాలి. ఆంధ్ర, తెలంగాణలలో బి.టెక్. చేసినవారికి ఈ పేర్లన్నీ పరిచితమే. లోటు కనబడేది సంభావ్యతలోనూ, నిరూపణలు రాయడంలోనూ. కోర్సు మొదలయ్యాక ఆ లోటు పూడ్చుకునే వ్యవధి ఉండదు, ఎందుకంటే ఆగస్టు చివర తరగతులు మొదలయ్యేనాటికే మరుసటి వేసవి ఇంటర్న్‌షిప్‌లకు దరఖాస్తులు తెరుచుకుని ఉంటాయి. కార్నెగీ మెలన్ కోర్సు 16 నెలలు. బర్క్‌లీది ఏడాది మాత్రమే, అక్కడ మార్చిలో చేరినవారికి అక్టోబరు నుంచే ఇంటర్న్‌షిప్. విజ్ఞాన, సాంకేతిక, ఇంజనీరింగ్, గణిత చదువుల స్టెమ్ జాబితాలో ఉన్న కోర్సు అయితే పట్టా తరవాత అమెరికాలో పనిచేయనిచ్చే 12 నెలల ఓ.పి.టి. అనుమతికి మరో 24 నెలలు కలుస్తాయి గనక, చేరబోయే కోర్సు ఆ జాబితాలో ఉందో లేదో ముందే కనుక్కోవాలి. మొదటి 12 నెలలలో మొత్తం 90 రోజులకు మించి ఉద్యోగం లేకుండా ఉండకూడదన్న నిబంధన కూడా గుర్తుంచుకోవలసిందే. తిరిగి వెళ్ళదలచినవారికి హైదరాబాద్‌లో అవకాశాలు లేకపోలేదు. గణితం మీదే వ్యాపారం నడిపే డి.ఇ. షా సంస్థ అక్కడ 1996లోనే కార్యాలయం తెరిచింది, పెద్ద అమెరికా బ్యాంకుల కేంద్రాలు తరవాత వచ్చాయి.

పేరున్న ప్రైవేటు విశ్వవిద్యాలయాలలో ట్యూషన్, న్యూయార్క్ వంటి నగరంలో బతుకు ఖర్చు కలిపితే మొత్తం లక్ష డాలర్లు దాటడం మామూలే. సిటీ యూనివర్సిటీ ఆఫ్ న్యూయార్క్‌లో భాగమైన బరూక్‌లో ఫీజు అంతకన్నా చాలా తక్కువ, పేరు మాత్రం తక్కువ కాదు. ఇండియాలో బ్యాంకు అప్పు రూపాయలలో మంజూరవుతుంది, ఫీజు సెమిస్టరుకొకసారి డాలర్లలో కట్టాలి. ఈ మధ్యలో డాలరు 5 శాతం పెరిగితే, ఇంకా కట్టవలసిన 60 వేల డాలర్ల ఫీజుకు మరో 3 వేల డాలర్లకు సరిపడా రూపాయలు వెతుక్కోవాలి. కనుక అప్పు మొత్తం నిర్ణయించుకునేటప్పుడే ఆ మేరకు ఎక్కువ అడగడం మంచిది.