వేదిక కాలేజీది, ముస్తాబు కృష్ణానగర్‌ది

హైదరాబాద్ కృష్ణానగర్ అనగానే మనకు సినిమానే గుర్తొస్తుంది. తెల్లారకముందే షూటింగ్ బస్సుల కోసం నిలబడే జూనియర్ ఆర్టిస్టులు, టీ కొట్టు దగ్గర కథలు చెప్పుకునే అసిస్టెంట్ డైరెక్టర్లు, ఇరుకు గదుల్లో పెద్ద ఆశలు. 2008లో వచ్చిన ‘నేనింతే’ సినిమాలోనూ ఈ బతుకులే కనిపిస్తాయి. ఇదే పేటకు ఇంకో పని కూడా ఉంది, దాని గురించి రాసినవాళ్లు తక్కువ. చుట్టుపక్కల కాలేజీల్లో ఫెస్టు అన్నా, యాన్యువల్ డే అన్నా, ఫ్రెషర్స్ పార్టీ అన్నా డ్రెస్సులకూ స్టెప్పులకూ పిల్లలు వచ్చేది ఈ సందులకే. మెడలో ఐడీ కార్డు, భుజాన బ్యాగు, చేతిలో ఫోన్లో డౌన్‌లోడ్ చేసిన పాట. మెట్ల మీదే ఒకరికొకరు కౌంట్లు చెప్పుకుంటూ పైకెక్కుతారు.

ఇదంతా ఇక్కడే ఎందుకు కుదురుకుందో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి. తెలుగు సినిమా మద్రాసులో ఉన్న రోజుల్లోనే అమీర్‌పేటలో సారథి స్టూడియోస్ వెలిసింది. 1959లో విడుదలైన ‘మా ఇంటి మహాలక్ష్మి’ అక్కడే తయారైంది. 1976లో అక్కినేని నాగేశ్వరరావు అన్నపూర్ణ స్టూడియోస్ స్థాపించారు. అప్పట్లో ఆ చుట్టుపక్కలంతా రాళ్లూ గుట్టలే. రెండు చోట్లకూ తేలిగ్గా చేరుకోగల కృష్ణానగర్‌లో లైట్‌బాయ్‌లు, మేకప్‌మెన్, డ్రైవర్లు, గ్రూపు డ్యాన్సర్లు అద్దెకు దిగారు. వాళ్ల వెంటే డ్రెస్సులు అద్దెకిచ్చే దుకాణాలు, డ్యాన్సు క్లాసులు వచ్చాయి. షూటింగ్ లేని రోజు డ్యాన్సరుకు సంపాదన ఉండదు. కాలేజీ పిల్లలకు స్టెప్పులు నేర్పితే ఆ రోజు గడుస్తుంది. ఈ బంధం అవసరంలోంచి పుట్టింది, అందుకే గట్టిగా నిలిచింది.

డ్రెస్సులు అద్దెకిచ్చే దుకాణంలో కాసేపు నిలబడితే చూడ్డానికి రెండు కళ్లు చాలవు. తీగకు వేలాడే పట్టు లంగాలు, పోలీసు యూనిఫారాలు, రాజుల కిరీటాలు, అట్టపెట్టెల్లో సైజుల వారీగా గజ్జెలు. కూచిపూడి డ్రెస్సు కుచ్చిళ్లు ముందే కుట్టి ఉంటాయి కాబట్టి కట్టుకోవడం నిమిషాల పని. లంబాడీ డ్రెస్సు సంగతి వేరు. అద్దాలు, గవ్వలు, పూసలు, భుజాల దాకా తెల్లటి గాజులు. చేత్తో ఎత్తితేనే దాని బరువు తెలుస్తుంది. అది వేసుకుని గుండ్రంగా తిరిగే పిల్ల ఎంత సాధన చేసి ఉంటుందో అప్పుడు అర్థమవుతుంది. ఇచ్చేటప్పుడు వడ్డాణం, జడకుప్పెలు, చెవి జూకాలు ఒక్కొక్కటీ లెక్కపెట్టి రాసుకుంటారు. తిరిగి తెచ్చినప్పుడు మళ్లీ అదే లెక్క.

స్టూడెంట్ క్లబ్బులు సరదా కోసం పెట్టుకున్నవని చాలామంది పెద్దలు అనుకుంటారు. నేను ఒప్పుకోను. బేగంపేట ప్రభుత్వ మహిళా డిగ్రీ కళాశాలకు, 1959 నాటి సెయింట్ ఫ్రాన్సిస్ మహిళా కళాశాలకు, అమీర్‌పేట చుట్టూ ఉన్న ప్రైవేటు డిగ్రీ కాలేజీలకు ఎక్కువమంది పిల్లలు రోజూ ఇంటి నుంచే వస్తారు. పొద్దున బస్సు, సాయంత్రం బస్సు. కామర్సు అమ్మాయి, సైన్సు అమ్మాయి ఒకరి పేరు ఒకరు తెలుసుకునేది క్లబ్బులోనే. అమెరికాలో రెండేళ్ల కమ్యూనిటీ కాలేజీల పరిస్థితీ ఇంచుమించు ఇదే. అక్కడా హాస్టళ్లు తక్కువ, ఉద్యోగం చేసుకుంటూ చదివేవాళ్లు ఎక్కువ. అందుకే స్పిరిట్ స్క్వాడ్ పేరుతో చీర్ లీడర్లు, డ్యాన్సు బృందాలు కలిసి కాలేజీని ఒక్కటి చేస్తాయి. చీర్ లీడింగ్ ఆనవాయితీ 1898లో మిన్నెసోటా విశ్వవిద్యాలయం ఫుట్‌బాల్ మైదానంలో మొదలైంది.

మన దగ్గర కాలేజీని ఒక్కటి చేసే ఆ పని పంచుకునేవి చాలానే ఉన్నాయి. గాంధీజీ శతజయంతి ఏడాది, 1969 సెప్టెంబర్ 24న 37 విశ్వవిద్యాలయాల్లో 40 వేల మందితో ఎన్‌ఎస్‌ఎస్ మొదలైంది. ఏడాదికి 120 గంటల చొప్పున రెండేళ్లలో 240 గంటల సేవ, దానికి తోడు ఏడు రోజుల క్యాంపు. ఎన్‌సీసీ 1948లో వచ్చింది, మరుసటి ఏడాదే అమ్మాయిలకూ తలుపు తెరిచింది. ఇక కళల విషయానికొస్తే విశ్వవిద్యాలయాల యువజనోత్సవాలే పిల్లలకు పెద్ద గురి. నిబంధనలు కచ్చితం. మూకాభినయానికి 6 మంది, 5 నిమిషాలు. స్కిట్‌కు 6 మంది, 10 నిమిషాలు. జానపద నృత్యానికి 10 మంది, 10 నిమిషాలు. ఏకాంకికకు అరగంట.

జానపద నృత్యానికి దొరికే ఆ పది నిమిషాలు కృష్ణానగర్‌లో ఒక డాబా మీద ఎలా తయారవుతాయో చూడాల్సిందే. “ఫైవ్, సిక్స్, సెవెన్, ఎయిట్” అని మాస్టరు చప్పట్లు కొడతాడు. వెనక వరుస ముందుకొచ్చే ఫార్మేషన్‌లో ఒకరి మోచేయి ఇంకొకరికి తగులుతుంది. “పాట ఆపమ్మా, మళ్లీ మొదట్నుంచి.” మొదటి రోజు గొంతు పెగలని అమ్మాయే నాలుగో రోజుకు వరుసంతటికీ కౌంట్ చెబుతుంది. ఏ తరగతి గదిలోనూ ఇంత తొందరగా ఈ మార్పు రాదు.

డ్యాన్సు నేర్పే కుర్రాళ్లలో చాలామందికి ఈ కాలేజీ ముచ్చట తీరలేదు. పదో తరగతి తర్వాతో, ఇంటర్ మధ్యలోనో చదువు వదిలి ఊరి నుంచి వచ్చినవాళ్లు. అలాంటివాళ్ల కోసమే అన్నట్టు పక్కనే జూబ్లీహిల్స్‌లో అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఉంది. 1982లో దేశంలోనే మొదటి ఓపెన్ యూనివర్సిటీగా పుట్టింది. పని చేసుకుంటూనే డిగ్రీ పూర్తిచేసే దారి అది.

కృష్ణానగర్ వెళ్లాలంటే మెట్రో నీలం లైన్లో యూసుఫ్‌గూడ స్టేషన్లో దిగాలి. అమీర్‌పేట నుంచి రెండో స్టేషన్, బేగంపేట నుంచి మూడోది. అక్కడి నుంచి ఆటోలో కొద్ది దూరమే. యాన్యువల్ డేల సీజన్లో డ్రెస్సులు దొరకడం కష్టం, ముందే చెప్పి పెట్టుకోండి. సైజులు రాసుకుని వెళ్లండి, అద్దెతో పాటు అడ్వాన్సు ఎంత, ఆలస్యమైతే ఎంత కట్టాలి అన్నది ముందే అడగండి.

ప్రిన్సిపాళ్లకు ఒక మాట. సాయంత్రం నాలుగు తర్వాత ఖాళీగా ఉండే సెమినార్ హాలు వారానికి రెండు రోజులు క్లబ్బులకు ఇవ్వండి. మాస్టర్లను కాలేజీకే పిలిపించి వాళ్ల ఫీజు కల్చరల్ ఫండ్ నుంచి చెల్లించండి. పిల్లలు చీకటి పడకముందే ఇల్లు చేరతారు, జేబులో డబ్బు లేని పిల్లకూ జట్టులో చోటు దొరుకుతుంది.