మెదడు చిత్రాలు - కంప్యూటరు ధారణ

శతావధానంలో అవధాని నూరుగురు పృచ్ఛకులకు పద్యాలు చెప్పి, చివరకు వాటినన్నింటిని వరుసగా అప్పగిస్తాడు. ఈ శక్తికే ధారణ అని పేరు. కంప్యూటరుకు కూడ ఇటువంటి ధారణ ఉన్నది. పని జరుగుతున్నంతసేపు సమాచారాన్ని నిలుపుకొనే ఆ భాగాన్ని ర్యామ్ అంటారు. హార్డుడిస్కు గ్రంథాల బీరువా వంటిదైతే, ర్యామ్ పాఠకుని ముందున్న బల్ల వంటిది. బల్ల చిన్నదైనపుడు గ్రంథాలన్నింటిని ఒకేసారి తెరచి ఉంచడం సాధ్యం కాదు. మెదడు చిత్రాల పరిశోధనలో ఎదురయ్యే చిక్కు ఇదే.

సికింద్రాబాదు, హైదరాబాదు జంటనగరాలకు చేరువనున్న గచ్చిబౌలిలోని ట్రిపుల్ ఐటీలో, ఆచార్య జయంతి శివస్వామి నాయకత్వాన పరిశోధకులు భారతీయుల మెదడు పటాన్ని రూపొందించి 2019లో ప్రకటించారు. తిరువనంతపురంలోని శ్రీచిత్ర తిరునాళ్ సంస్థ ఇందుకు సహకరించింది. నూరుమంది ఆరోగ్యవంతుల ఎం.ఆర్.ఐ. చిత్రాలు ఈ పటానికి ఆధారం. అంతకుముందు కెనడాలోని మాంట్రియల్‌లో తయారైన నమూనాయే ఎక్కువగా కొలబద్దగా ఉండేది. భారతీయుల మెదడు సగటు పరిమాణం దానికంటె కొంత చిన్నది. కావున ఆ కొలబద్దతో కొలిస్తే, ఆరోగ్యంగా ఉన్న మెదడు కూడ క్షీణించినట్లు భ్రమ కలుగవచ్చును.

ఇట్టి చిత్రాల భారమెంతో ఒక ఉదాహరణతో గ్రహించవచ్చును. నిలువు, అడ్డం, లోతులలో 256 చొప్పున విభజించిన చిత్రంలో 1,67,77,216 చిన్న ఘనాలుంటాయి. వీటిని వాక్సెళ్లంటారు. ఒక్కొక్కదానికి 2 బైట్లు చొప్పున డిస్కుపై దాదాపు 3.4 కోట్ల బైట్లు చాలును. కాని గణనకోసం వాక్సెలుకు 8 బైట్లు కేటాయిస్తే అది 13.4 కోట్లవుతుంది. నూరు చిత్రాలకు 1,340 కోట్లు, అనగా 13 గిగాబైట్లకు పైమాట. 8 గిగాబైట్ల ర్యామ్ గల కంప్యూటరు ఈ భారాన్ని మోయలేదు.

అయినను ఉపాయమున్నది. సగటు కట్టడానికి నూరు చిత్రాలు ఏకకాలంలో అవసరం లేదు. ఒక్కొక్క చిత్రాన్ని తెరచి, మొత్తంలో కలిపి, మూసివేస్తే రెండు చిత్రాలకు సరిపడు చోటు చాలును. మధ్యగతం కావలెనన్న నూరు విలువలను పక్కపక్కన ఉంచక తప్పదు. అప్పుడు ప్రతి చిత్రంనుండి ఒక్క పొరనే తీసుకొంటే, 5 కోట్ల పైచిలుకు బైట్లతో పని నెరవేరుతుంది. పుర్రె వెలుపలి శూన్యభాగాన్ని విడిచిపెట్టడం, అవసరమైనచోట 8 బైట్లకు బదులు 4 బైట్లు వాడడం మరి రెండు మార్గాలు.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. చోటు చాలలేదని 1 మిల్లీమీటరు వాక్సెళ్లను 2 మిల్లీమీటర్లకు పెంచితే భారం ఎనిమిదో వంతుకు తగ్గుతుంది. దానితోపాటు చిత్రంలోని సూక్ష్మత కూడ నశిస్తుంది. జ్ఞాపకశక్తికి మూలమైన హిప్పోక్యాంపస్ వంటి చిన్న భాగంలో తొలిదశలో కనిపించే క్షీణత కంటబడకపోవచ్చును. పనిని విభజించుకోవడం పొదుపు. రోగి చిత్రంలోని సమాచారాన్ని వదులుకోవడం నష్టం. ఈ భేదం తెలిసినవానికి సామాన్యమైన కంప్యూటరు కూడ శతావధానికి తగిన సాధనమవుతుంది.