గుసగుస – ఒక మాట పుట్టుక

ఇతరులకు వినపడకుండా చెవిలో మెల్లగా చెప్పుకొనే మాటలను ‘గుసగుసలు’ అంటాం. ఈ మాట ఎలా పుట్టిందో చూద్దాం.

మీ గొంతుపై చేయి ఆనించి మామూలుగా మాట్లాడండి. గొంతు అదరడం తెలుస్తుంది. ఇప్పుడు గుసగుసలాడండి. అదురు ఉండదు. స్వరతంత్రులు కంపించవు, గాలి మాత్రమే ‘స్‌స్’మంటూ బయటికి వస్తుంది. ఆ చప్పుడును అనుకరిస్తూ పుట్టిందే ‘గుసగుస’. ఇలాంటి వాటిని ధ్వన్యనుకరణ పదాలు అంటారు.

ఇదే మాట కన్నడంలో ‘గుసుగుసు’, తమిళంలో ‘కుసుకుసు’, మలయాళంలో ‘కుశుకుశు’. బరో, ఎమెనో 1961లో ప్రచురించిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు ఇలాంటి సోదర పదాలను ఒకచోట చేర్చింది.

అయితే ఒక జాగ్రత్త అవసరం. గుసగుసలాడటాన్ని హిందీలో ‘ఫుస్‌ఫుసానా’ అంటారు. చప్పుడులో పోలిక ఉంది. కాని హిందీ ద్రావిడ భాష కాదు. ఒకే చప్పుడును విన్నవారు ఎవరికి వారే దగ్గరి మాటలు కల్పించుకోగలరు. అందుచేత భాషల చుట్టరికం తేల్చడానికి అనుకరణ పదాలు మాత్రమే చాలవు. తెలుగు ‘కన్ను’, తమిళ ‘కణ్’, కన్నడ ‘కణ్ణు’ గట్టి ఆధారాలు. కంటికి చప్పుడు లేదు కదా! అయినా ఆ మాటలు కలుస్తున్నాయి.

అభ్యాసం: ‘గలగల’, ‘మూడు’ – భాషల చుట్టరికానికి వీటిలో ఏది మేలైన ఆధారం? ఎందుకు?